పేగు లోపలి పొరలోని ప్రోటీన్లు సడలితే జబ్బు వస్తుందా, జబ్బు వస్తే అవి సడలుతాయా?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్నట్టు నిర్ధారణ అయి నాలుగేళ్లవుతోంది. మొదట పేగు వాపు తగ్గించే మెసలమిన్ ఒక్కటే వాడింది, తరువాత దానికి రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే అజాథయోప్రిన్ తోడైంది. ఈ మధ్య చేయించిన కొలనోస్కోపీలో పుండ్లు పూర్తిగా మానాయని, పెద్దపేగు లోపలి పొర కంటికి మామూలుగానే కనిపిస్తోందని డాక్టరు గారు చెప్పారు. మలంలో పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీను గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపే వచ్చింది. రక్తం పడటం ఎప్పుడో ఆగిపోయింది. అయినా పలచటి విరేచనాలు మాత్రం తగ్గడం లేదు. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆఫీసుకు వెళ్లే పిల్ల, దారిలో ఏ స్టేషన్లో మరుగుదొడ్డి ఉందో గుర్తుపెట్టుకుని, ఉదయం ఏమీ తినకుండానే బయలుదేరుతోంది.

బంధువులు చెప్పగా ఒక వెల్‌నెస్ కేంద్రానికి వెళ్లాం. పేగు పొరలో కణాలను పట్టి ఉంచే ప్రోటీన్లు సడలిపోయి పేగు ‘లీక్’ అవుతోందని, జబ్బుకు అసలు మూలం అదేనని, రక్తంలో జోన్యులిన్ పరీక్ష చేయించుకుని, ఆ ప్రోటీన్లను తిరిగి నిర్మించే పౌడరు కొన్ని నెలలు వాడితే మిగతా మందులు మానేయవచ్చని అక్కడివారు చెప్పారు. ఖరీదు సంగతి అలా ఉంచితే, మందులు మానేయవచ్చన్న మాట నన్ను కలవరపెట్టింది. నేను బడిలో చెప్పింది భౌతికశాస్త్రం కనుక కణాల విషయంలో నాకు తెలిసింది తక్కువ. ఆ ప్రోటీన్లు చేసే పనేమిటి? అవి ముందు చెడి జబ్బు వస్తుందా, జబ్బు వచ్చి అవి చెడతాయా? పుండ్లు మానిన తరువాత కూడా అవి చెడిపోయే ఉండవచ్చా? వాటిని పరీక్షతో తెలుసుకోవడం, ఆహారంతో బాగుచేయడం సాధ్యమేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కణజీవశాస్త్ర పరిశోధకురాలు, హబ్సిగూడ

మాస్టారూ, నమస్కారం. పేగు కణాల మీదే పరిశోధన చేస్తున్నాను కనుక మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను జవాబు చెబుతాను. మందులు, పరీక్షల సంగతి వైద్యులు చెప్పడం సబబు.

పేగు లోపలి వైపును కప్పి ఉంచేది ఒకే ఒక్క వరుస కణాలు. ఆ వరుసకు ఒక పక్క మనం తిన్న ఆహారం, లెక్కకు మిక్కిలి బ్యాక్టీరియా ఉంటాయి. రెండో పక్క, వెంట్రుకవాసి కంటే తక్కువ దూరంలో, రోగనిరోధక కణాలు కాచుకుని ఉంటాయి. పైగా ఈ కణాలు శాశ్వతం కావు. దాదాపు ప్రతి మూడు నుంచి అయిదు రోజులకు పాతవి రాలిపోయి, కింది నుంచి కొత్తవి ఎదిగి వస్తాయి. అందువల్ల కణానికీ కణానికీ మధ్య ఉండే అతుకులు ఒకసారి కట్టి వదిలేసినవి కావు. అవి నిరంతరం విడిపోతూ, మళ్లీ ఏర్పడుతూ ఉంటాయి. పౌడరుతో ‘నిర్మించే’ వస్తువుగా వాటిని ఊహించుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది.

ఈ అతుకుల్లో అన్నిటికంటే పైన, పేగు కుహరానికి దగ్గరగా ఉండేది టైట్ జంక్షన్. దాని కింద ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీను కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. ఇంకా కింద డెస్మోజోములు ఉంటాయి. కణం లోపల అస్థిపంజరంలా అల్లుకుని ఉండే కెరాటిన్ పోగులు వచ్చి వీటికి తగులుకుంటాయి. బలం ఇచ్చేవి ప్రధానంగా ఈ కింది రెండు. కణాల మధ్య సందులోంచి ఏది వెళ్లాలో, ఏది వెళ్లకూడదో నిర్ణయించేది టైట్ జంక్షన్. అందులో భాగమైన జడ్‌ఓ-1 అనే ప్రోటీనును 1986లో గుర్తించారు. జపాన్‌లో షోయిచిరో త్సుకితా బృందం 1993లో ఆక్లుడిన్‌ను, 1998లో క్లాడిన్‌లను కనుగొంది. ఆక్లుడినే ప్రధానమైన కవాటమని మొదట అనుకున్నారు. కానీ అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో కూడా టైట్ జంక్షన్లు చక్కగానే ఏర్పడటంతో, అసలు పని క్లాడిన్‌లదని స్పష్టమైంది.

క్లాడిన్ ఒక్కటి కాదు, క్షీరదాల్లో ఇరవైకి పైగా రకాలున్నాయి. వాటన్నిటి పనీ సందును మూయడమే కాదన్నది ఇక్కడ కీలకం. క్లాడిన్-1, 3, 4, 5, 8 వంటివి సందును బిగించేవి. క్లాడిన్-2 దీనికి భిన్నంగా సోడియం వంటి ధనావేశ అయాన్లూ, నీరూ వెళ్లేందుకు సన్నటి రంధ్రాన్ని ఏర్పరుస్తుంది. మీరు భౌతికశాస్త్రం చెప్పినవారు కనుక మీకిది నచ్చుతుంది: పేగు ముక్కను రెండు గదుల మధ్య తెరలా బిగించి, అటూ ఇటూ విద్యుత్ నిరోధాన్ని కొలిచి, ఆ పొర ఎంత బిగువుగా ఉందో మా ప్రయోగశాలల్లో తేలుస్తాం. క్లాడిన్-2 పెరిగితే నిరోధం పడిపోతుంది. అయినా బ్యాక్టీరియా కాదు గదా, పెద్ద అణువులు కూడా ఆ రంధ్రంలో పట్టవు. ‘లీక్’ అనే ఒక్క మాటతో అన్నిటినీ కలిపేయడం సరికాదని నేననేది ఇందుకే.

ఇక పేగు వాపు జబ్బుల్లో జరిగేది చూద్దాం. అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ, జీర్ణనాళంలో ఎక్కడైనా వాపు తేగల క్రోన్స్ వ్యాధిలోనూ క్లాడిన్-2 బాగా పెరుగుతుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో క్లాడిన్-4, 7 తగ్గినట్టు, క్రోన్స్‌లో క్లాడిన్-5, 8 తగ్గడమే కాక జంక్షన్ దగ్గర ఉండాల్సినవి అక్కడి నుంచి తొలగిపోయినట్టు రోగుల పేగు నుంచి తీసిన చిన్న ముక్కల్లో (బయాప్సీలలో) చూశారు. ఫ్లోరోసెంట్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆరోగ్యవంతమైన పొరలో ఈ ప్రోటీన్లు తేనెతుట్టె గదుల అంచుల్లా తెగని గీతలుగా మెరుస్తాయి. వాపు ఉన్న పొరలో ఆ గీతలు అక్కడక్కడా తెగిపోయి, కణం లోపల చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు, కణం తన అంచు నుంచి లోపలికి లాక్కున్న ఆక్లుడిన్ మొదలైనవి. మొదటిసారి ఆ చిత్రం చూసిన ఎవరికైనా జబ్బు అంటే ఏమిటో ఒక్కసారిగా అర్థమవుతుంది.

అలా లోపలికి లాగేది ఎవరు? వాపు సమయంలో రోగనిరోధక కణాలు విడుదల చేసే టీఎన్ఎఫ్ అనే సంకేతం. టైట్ జంక్షన్‌ను జడ్‌ఓ-1 లోపలి నుంచి యాక్టిన్, మయోసిన్ పోగుల వలయానికి కట్టి ఉంచుతుంది. టీఎన్ఎఫ్ తగిలిన కణంలో మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ అనే ఎంజైము పెరిగి, ఆ వలయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. వలయం బిగుసుకుంటే జంక్షన్ వదులవుతుంది, దానితో ఆక్లుడిన్ కణంలోకి జారుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-13 అనే మరో సంకేతం క్లాడిన్-2ను పెంచుతుంది. అంటే ప్రోటీన్లకు వాటంతటవి తెగులు పట్టలేదు. వాపు వాటిని అలా చేయిస్తోంది.

అయితే మీ ‘ముందు ఏది’ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెబితే అన్యాయమవుతుంది. ఆ కైనేజ్‌ను ఎప్పుడూ పనిచేసేలా మార్చిన ఎలుకల్లో పేగు వదులైంది గానీ, వాటికి తమంతట తాముగా జబ్బు రాలేదు. జబ్బును ప్రేరేపించినప్పుడు మాత్రం అవి త్వరగా, తీవ్రంగా దాని పాలబడ్డాయి. దీనికి భిన్నమైన ఉదాహరణలు కూడా ఉన్నాయి. క్యాడ్‌హెరిన్ల పనిని దెబ్బతీసిన ఎలుకల్లో క్రోన్స్‌ను పోలిన వాపు వచ్చింది. కెరాటిన్-8 లేని ఎలుకలకు కొలైటిస్ వచ్చింది. మనుషుల్లో చూస్తే, 2009లో బ్రిటన్ పరిశోధకులు అల్సరేటివ్ కొలైటిస్ ముప్పుతో ముడిపడిన జన్యు స్థానాలను వెతికినప్పుడు, ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువున్న చోటు, కణాల కింది ఆధారపొరలో ఉండే లామినిన్ జన్యువున్న చోటు అందులో తేలాయి. కాబట్టి కొందరిలో పొర పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉండవచ్చు. దానికి వాపు తోడైతే అతుకులు వదులవుతాయి. అతుకులు వదులైతే వాపు పెరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడ తెంచగలమన్నదే వైద్యానికి పనికొచ్చే ప్రశ్న.

మరొక ప్రోటీను గురించి చెప్పకుండా ముగించలేను. కణాల పైన జిగురు పొర ఉంటుంది, దానికి ఆధారం మ్యూసిన్-2. అయిదు వేలకు పైగా అమైనో ఆమ్లాల గొలుసు, దాని చుట్టూ దట్టంగా చక్కెర అణువులు ఉండే బ్రహ్మాండమైన ప్రోటీను అది. పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉంటుందని, లోపలి పొరలోకి బ్యాక్టీరియా దాదాపు చొరబడలేదని స్వీడన్ పరిశోధకులు 2008లో ఎలుకల్లో చూపించారు. మ్యూసిన్-2 లేని ఎలుకలకు ఏ ప్రేరేపణా లేకుండానే కొలైటిస్ వస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారిలో ఈ జిగురు పొర పలచబడుతుంది. టైట్ జంక్షన్ల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

జవాబు: జీర్ణకోశ వైద్యుడు, ప్రభుత్వ బోధనాసుపత్రి

మాస్టారు గారికి నమస్కారం. పై వివరణ తరువాత నా పని సులువైంది. ముందుగా ఒక మాట గట్టిగా చెబుతాను: అజాథయోప్రిన్, మెసలమిన్ మీ డాక్టరు చెప్పకుండా ఆపవద్దు. మీ అమ్మాయి పేగు ఈ రోజు మానిన స్థితిలో ఉన్నది ఆ మందుల వల్లే.

జోన్యులిన్ పరీక్ష చేయించవద్దని నా సలహా. టైట్ జంక్షన్లను వదులు చేస్తుందని చెప్పే జోన్యులిన్ అనే పదార్థాన్ని 2000లో అలెసియో ఫసానో బృందం వర్ణించింది. తరువాత అది హాప్టోగ్లోబిన్-2 అనే రక్త ప్రోటీనుకు పూర్వరూపమని తేల్చారు. బజారులో అమ్మే కిట్లు నిజానికి ఆ ప్రోటీనును కొలవడం లేదని, వేరే ప్రోటీన్లను పట్టుకుంటున్నాయని పరిశోధకులు చూపించారు. అంతేకాక, హాప్టోగ్లోబిన్-1 రకాన్ని తల్లిదండ్రులిద్దరి నుంచీ పొందినవారి శరీరంలో ఈ జోన్యులిన్ అసలు తయారే కాదు. అలాంటి పరీక్షలో వచ్చిన అంకెను పట్టుకుని ఏళ్లుగా నడుస్తున్న మందును మార్చిన వైద్యుడు నాకు తెలిసి లేడు, ఉండకూడదు కూడా.

పుండ్లు మానినా ప్రోటీన్లు చెడి ఉండవచ్చా అని అడిగారు. ఉండవచ్చు. ఎండోస్కోపీ గొట్టం కొననే సూక్ష్మదర్శినిగా పనిచేయించే ఎండోమైక్రోస్కోపీ అనే పద్ధతి ఉంది. రక్తనాళంలోకి ఫ్లోరెసీన్ రంగు ఎక్కించి, అది కణాల మధ్య నుంచి పేగులోకి కారుతోందా లేదా అని దానితో ప్రత్యక్షంగా చూస్తారు. కంటికి పూర్తిగా మానినట్టు కనిపించే పేగులో కూడా కొందరికి ఈ కారడం ఉంటుందని, అలాంటివారిలో విరేచనాల బాధ ఎక్కువని గమనించారు. జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం 2023లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షణాలు తగ్గి ఉపశమనంలో ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టేది ఎవరికో ఊహించడానికి, ఎండోస్కోపీలో మానినట్టు కనిపించడం కంటే పొర బిగువు తిరిగి వచ్చిందా లేదా అన్నదే మెరుగైన సూచికగా నిలిచింది. అయితే ఇది ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు.

కానీ మీ అమ్మాయి విషయంలో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి. కాల్‌ప్రొటెక్టిన్ 50 లోపు ఉంటే చురుకైన వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. అలాంటప్పుడు పలచటి విరేచనాలకు పాలలోని లాక్టోజ్ పడకపోవడం కారణం కావచ్చు, మన దక్షిణాదిలో అది చాలా మందికి ఉంటుంది. పిత్త ఆమ్లాలు సరిగా తిరిగి శోషణ కాకపోవడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, కొలైటిస్‌తో పాటు ఐబీఎస్ (వాపు లేకుండానే పేగు పనితీరు గాడి తప్పే సమస్య) కూడా ఉండటం కూడా చూడాలి. కొందరిలో మెసలమిన్ మందే విరేచనాలకు కారణమవుతుందన్న సంగతి చాలా మందికి తెలియదు. వీటిలో చాలా వాటికి మామూలు పరీక్షలున్నాయి, వైద్యం ఉంది. ప్రోటీన్ల మీదికి దృష్టి పోయి ఇవి మరుగున పడకూడదు.

పౌడరు విషయం. అందులో ఉండేది చాలావరకు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగింది. ఉపశమనంలో ఉన్నా పేగు వదులుగా ఉన్న క్రోన్స్ రోగులను రెండు గుంపులుగా చేసి, ఒకరికి గ్లుటమిన్, మరొకరికి పాల విరుగుడు ప్రోటీను రెండు నెలలు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ పేగు బిగువు మెరుగుపడింది, తేడా ఏమీ కనిపించలేదు. గ్లుటమిన్‌కు ప్రత్యేక మహిమ ఉందని దీని నుంచి చెప్పలేం. చాలినంత మంచి ప్రోటీను తినడం మేలు అని మాత్రం చెప్పవచ్చు. అది పప్పు, గుడ్డు, చేప, పడితే పెరుగుతో ఇంట్లోనే అందుతుంది. విరేచనాల భయంతో ఉదయం తినకుండా వెళ్లడం వల్ల ఆ పిల్ల కోల్పోతున్నది సరిగ్గా ఇదే.

మళ్లీ ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. పరీక్షా వద్దు, పౌడరూ వద్దు అని ఇంట్లో నిర్ణయించుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది. వాపే ఆ ప్రోటీన్లను స్థానభ్రంశం చేస్తోందంటే, వాపు తగ్గించే మందులతో అవి తిరిగి చోటికి వస్తాయని రుజువులు ఉన్నాయా? లేక ఇది మనం తర్కంతో ఊహిస్తున్నదా?

జవాబు: క్రోన్స్ ఉన్న గృహిణి, మల్కాజిగిరి

బాబాయి గారూ, మీ అమ్మాయి ఇబ్బంది చదువుతుంటే నా సంగతే చదివినట్టుంది. నాకు క్రోన్స్ వచ్చి చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకున్నాక నాకు జబ్బు తిరగబెట్టింది. నొప్పి మాత్రల్లో చాలా వాటికి పేగు పొరను వదులు చేసే గుణం ఉందని ఆ తరువాత నా డాక్టరు గారు వివరించారు. మీ అమ్మాయికి నెలసరి నొప్పి వచ్చినా, తలనొప్పి వచ్చినా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా వాడకుండా అడిగి వాడమని చెప్పండి.

తెలిసినవారికి నావి రెండు ప్రశ్నలు. మా తమ్ముడికి ఏ జబ్బూ లేదు, అతని పేగు కూడా వదులుగా ఉండే అవకాశం ఉందా? నాకు చిన్నపేగు చివర కొంత భాగం ఇరుకైంది, అక్కడ కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీను పేరుకుందన్నారు. మరి బజారులో పేగుకు మంచిదని కొల్లాజెన్ పౌడరు అమ్ముతున్నారు, అది నాకు చేటు చేస్తుందా?

జవాబు: కణజీవశాస్త్ర పరిశోధకురాలు, హబ్సిగూడ

మాస్టారూ, అది తర్కం మాత్రమే కాదు, కొలిచి చూసిన విషయం. క్రోన్స్ రోగులకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి, ముందూ తరువాతా పేగు బిగువును కొలిచిన బెల్జియం వైద్యుల అధ్యయనం 2002లో వచ్చింది. మందు తరువాత ఆ కొలత దాదాపు మామూలు స్థితికి చేరింది. జంక్షన్‌ను ఎవరూ నేరుగా తాకలేదు, దాన్ని చెదరగొడుతున్న సంకేతాన్ని ఆపారు, అంతే. నేరుగా జంక్షన్ మీద పనిచేసే మందు కోసం కూడా గట్టి ప్రయత్నమే జరిగింది. లారాజోటైడ్ అనే మందును గోధుమ పడని సీలియాక్ వ్యాధిలో మూడో దశ పరీక్షల దాకా తీసుకెళ్లి, ఫలితం వచ్చే ఆశ లేదని 2022లో నిలిపివేశారు. తలుపు మీద పనిచేయడం కంటే దాన్ని బద్దలు కొడుతున్న చేతిని ఆపడమే ఇప్పటివరకు ఫలించిన దారి.

అమ్మా, మీ తమ్ముడి గురించి: క్రోన్స్ రోగుల ఆరోగ్యవంతులైన బంధువుల్లో కొందరికి పేగు వదులుగా ఉంటుందని 1986లోనే గమనించారు. కెనడా నుంచి నడుస్తున్న ఒక పెద్ద అధ్యయనంలో, అలా వదులుగా ఉన్న బంధువులకు ఆ తరువాతి ఏళ్లలో క్రోన్స్ వచ్చే ముప్పు ఎక్కువని 2020లో తేలింది. అయినా వదులుగా ఉన్నవారిలో అత్యధికులకు జబ్బు రాదు. అందువల్ల లక్షణాలు లేని మనిషికి ఈ పరీక్ష చేయించి చేసేదేమీ లేదు. పొగతాగే అలవాటు ఉంటే మాన్పించండి, క్రోన్స్ విషయంలో అది నిశ్చయంగా పనికొచ్చే జాగ్రత్త.

కొల్లాజెన్ విషయంలో భయపడవలసిన పని లేదు, ఆశపడవలసిన పనీ లేదు. తిన్న కొల్లాజెన్ జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న గొలుసులుగా విడిపోతుంది. అది కొల్లాజెన్ రూపంలోనే వెళ్లి మీ పేగు గోడలో చేరదు. ఇరుకైన చోట పేరుకున్నది మీ పేగు గోడలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు అక్కడే తయారుచేసిన ఒకటో రకం, మూడో రకం కొల్లాజెన్. ఏళ్ల తరబడి వాపు ఉన్న చోట గాయాన్ని మాన్పబోయి అవి ఆగవలసిన చోట ఆగవు. నేను పైన చెప్పిన జంక్షన్ ప్రోటీన్లు వాపు తగ్గగానే చోటికి చేరగలవు గానీ, ఒకసారి గట్టిపడిన ఈ కొల్లాజెన్‌ను కరిగించే మందు ఇప్పటికి లేదు. వాపును మొదట్లోనే అదుపు చేయాలని వైద్యులు అంత పట్టుబట్టేది ఇందుకే.

జవాబు: జీర్ణకోశ వైద్యుడు, ప్రభుత్వ బోధనాసుపత్రి

మల్కాజిగిరి అమ్మగారికి ఒక జాగ్రత్త: ఇరుకు ఉన్నచోట పీచు ఎక్కువగా ఉండే కూరలు, తొక్కలు, గింజలు అడ్డుపడే అవకాశం ఉంది. అన్నం తిన్న తరువాత కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులైతే ఇంట్లో ఆగవద్దు.

మాస్టారు గారూ, తరువాతిసారి వెళ్లినప్పుడు మీ డాక్టరు గారిని మూడు విషయాలు అడగండి. కొలనోస్కోపీ సమయంలో పెద్దపేగు కుడి భాగం నుంచి కూడా బయాప్సీ తీశారా, తీస్తే సూక్ష్మదర్శిని నివేదికలో ఏముంది? మెసలమిన్ వల్ల విరేచనాలు అవుతున్నాయేమో చూడటానికి ఆయన పర్యవేక్షణలో కొద్ది రోజులు మార్చి చూడవచ్చా? పిత్త ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడిని కొంతకాలం ప్రయత్నించవచ్చా? ఈలోగా రెండు వారాలు పాలు, పాలతో చేసిన టీ, ఐస్‌క్రీము మాన్పించి, విరేచనాల్లో తేడా ఉందేమో ఒక పుస్తకంలో రాసిపెట్టమనండి. లాక్టోజ్ పడనివారిలో కూడా పెరుగు, మజ్జిగ చాలా మందికి పడతాయి కనుక వాటిని మొదట్లోనే ఆపనక్కర్లేదు.